మాట ఆగితే కత్తి ఆగాలి

మత్తు డాక్టరు బతుకు ఎలా ఉంటుందో ముందే చెప్పేస్తాను. ఈ వృత్తిలోకి రావాలని ఉబలాటపడే పిల్లలకి పనికొస్తుంది. ఆపరేషనైన మనిషి కళ్ళు తెరవగానే సర్జనుగారికి దణ్ణం పెడతాడు. ఒళ్ళు కుదుటపడ్డాక అరటిగెలో, పనసకాయో, ఆత్రేయపురం పూతరేకులో పట్టుకుని సర్జనుగారింటికి వెళతాడు. దారిలో మనం ఎదురైతే ఆగి, తల గోక్కుని, "మిమ్మల్నెక్కడో చూసేనండి, పోస్టాఫీసులో చేస్తారాండి?" అంటాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత తెలిసింది, అదే మనకి సర్టిఫికెట్టని. మత్తు డాక్టరు గుర్తుండిపోయిందంటే ఎక్కడో ఏదో తేడా కొట్టిందన్నమాట.

నన్ను గుర్తుపెట్టుకున్న కుటుంబం కోనసీమలో ఒక్కటే ఉంది. వాళ్ళ సంగతే ఇది.

డెబ్బైల చివర్లో నేను అమలాపురంలో ఒక ఆసుపత్రిలో చేరేను. మా నాన్నగారు రాజోలు వైపు మిషన్ బడిలో మేష్టారు. మా వంశంలో తెల్లకోటు వేసుకున్న మొదటి మనిషిని నేనే కనక మెడ కొంచెం నిటారుగానే ఉండేది. నోరు కూడా తక్కువేం కాదు, ఇప్పటికీ కాదు. మా సర్జనుగారు నాకన్నా చాలా పెద్దాయన. చెయ్యి బంగారం, నోరు చింతబరికె. మేమిద్దరం రోజూ దెబ్బలాడుకునేవాళ్ళం, రోజూ కలిసే టీ తాగేవాళ్ళం. మా ఇద్దర్నీ అదుపులో పెట్టేది థియేటరు సిస్టరుగారు. చెప్పులు మార్చుకోకుండా లోపలికొస్తే సర్జనుగారినైనా సరే గుమ్మం దగ్గరే నిలబెట్టేసేవారు. థియేటరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక పెద్ద దీపం, నా మత్తు గ్యాసు మిషను. అంతే.

ఇప్పుడు మీకు గుండె కొట్టుకుంటే ఒక గీత, ఊపిరి వదిలితే ఒక గీత, ఏ మాత్రం తేడా వచ్చినా కుయ్యిమని కూసే పెట్టెలు ఉన్నాయి. మాకు ఉన్నవి రెండు కళ్ళు, రెండు చెవులు, పేషెంటు మెడ పక్కన నాడి మీద పెట్టుకునే రెండు వేళ్ళు. వేలు తీస్తే సిస్టరుగారు చూసేవారు. అందుకని ముక్కు దురద పెట్టినా గోక్కోకుండా నిలబడ్డం నేర్చుకున్నాం.

ఒకరోజు పొద్దున్న, గోదారి సముద్రంలో కలిసే వైపునుంచి ఒక పల్లెకారుల కుర్రాణ్ణి చేపల వ్యానులో తెచ్చేరు. పడవ ఒడ్డుకి లాగుతుంటే తాడు తెగి దూలం మీద పడ్డాడు. భుజం కింద ఎముక రెండు ముక్కలైంది. మనిషి ఇనప కడ్డీలా ఉన్నాడు, ఒంట్లో పిసరంత కొవ్వు లేదు. అలాంటివాడికి మత్తివ్వడమంటే నాకు సరదా. దిట్టమైన గుండె, శుభ్రమైన ఊపిరితిత్తులు. వాడితోపాటు వాళ్ళ మామ్మ వచ్చింది. పొట్టి మనిషి, చెవులకి బరువైన దుద్దులు, నోట్లో చుట్ట. సిస్టరుగారు చుట్ట తీయమంటే తీసి, ఆర్పి, జాగ్రత్తగా రొంటిన దోపుకుంది.

"మా కుర్రోణ్ణి నిద్రపుచ్చుతారా అమ్మా?" అని అడిగింది.

"ఆయ్, హాయిగా నిద్రపోతాడు మామ్మగారూ. లేచేసరికి కట్టు కట్టేసి ఉంటుంది," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

నిద్ర ఇంజెక్షను ఇచ్చేను. నిద్రపోయాడు. గొంతులోకి గొట్టం వెయ్యాలంటే ఒళ్ళంతా వదులవ్వాలి కనక దానికి ఇంకో ఇంజెక్షను ఇచ్చేను. అది ఇస్తే ఎంత మొండి దవడైనా క్షణాల్లో జారిపోతుంది. వీడి దవడ బిగుసుకుంది. నోరు తెరవబోతే రాదు. మందు చాల్లేదేమో అనుకున్నాను. మాస్కు పెట్టి గ్యాసు తెరిచి ఊపిరి ఇస్తూ ఉంటే కాసేపటికి దవడ కొంచెం సడలింది, గొట్టం వేసేను. "ఏమిటివాళ ఆలస్యం?" అని సర్జనుగారు విసుక్కుని పని మొదలెట్టేరు.

నాడి పరుగందుకుంది. నొప్పి తెలుస్తోందేమో అనుకుని గ్యాసు కొంచెం పెంచేను. నాడి ఇంకా పరుగెత్తింది. మిషను మీద చెయ్యి వేస్తే, వదిలిన ఊపిరిని శుభ్రం చేసే డబ్బా కాలుతోంది. "వీడి చెయ్యి కర్రలా బిగుసుకుపోయిందేమండీ, ఎముక ఎలా కలపను?" అన్నారు సర్జనుగారు. అప్పుడు వాడి నుదురు మీద చెయ్యి వేసేను. పొయ్యి మీది పెనంలా ఉంది.

ఒక పాత పాఠం గుర్తొచ్చింది.

చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరుగారు ఒక మధ్యాహ్నం, సగం క్లాసు కునుకు తీస్తుండగా, మెలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అని ఒక జబ్బు చెప్పేరు. జబ్బని కూడా అనకూడదు. కొందరి కండరాల్లో పుట్టుకతోనే ఒక గడియ సరిగా పడదు. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, వల లాగుతారు, పరుగులు తీస్తారు, పిల్లల్ని కంటారు. కానీ మేం పీల్పించే మత్తు గ్యాసులూ, ఒళ్ళు వదులు చేసే ఆ ఒక్క ఇంజెక్షనూ తగిలితే ఆ గడియ ఊడిపోతుంది. ఒంట్లో కండలన్నీ ఒక్కసారి బిగుసుకుని, ఆగకుండా మండిపోతాయి. జ్వరం కాదది, లోపల్నుంచి కాలిపోవడం. "మీలో చాలామందికి ఇది జన్మలో కనపడదు. కనపడితే మాత్రం అనుమానపడుతూ కూర్చోకండి," అన్నారాయన. నేను ఆ రోజు కునుకు తీయలేదు. మంచి పిల్లనని కాదు, పక్కనున్న అమ్మాయి గురక పెడుతుంటే నిద్ర పట్టలేదు.

"సర్, ఆపెయ్యండి!" అని అరిచేను. మా థియేటర్లో అప్పటిదాకా అరిచే హక్కు ఒక్క సర్జనుగారిదే. ఆయన తలెత్తి నా మొహం చూసేరు. ఇంకేమీ అడగలేదు, కుట్లు వెయ్యడం మొదలెట్టేరు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

గ్యాసు కట్టేసేను. మిషను గొట్టాలు ఊడదీసి, చేత్తో నొక్కే సంచీతో ఉత్త ఆక్సిజను కొట్టడం మొదలెట్టేను. సెలైను, రక్తంలో ఆమ్లం విరిచే సోడా ఇంజెక్షన్లు సిస్టరుగారు ఎక్కించేరు. ఈ ఆపదకి ఇప్పుడు అచ్చంగా ఒక మందుంది, మాకప్పుడు పేరైనా తెలీదు. ఒళ్ళు చల్లబరచాలి, అంతే తెలుసు. ఐసు కావాలని కేకేస్తే వరండాలో ఉన్న వాళ్ళవాళ్ళు పరుగెత్తేరు. కుర్రాణ్ణి తెచ్చింది చేపల వ్యానులోనే కదా, గంపల నిండా ఐసే. రొయ్యల మీసాలతో సహా తెచ్చి కుమ్మరించేరు. చంకల్లో, గజ్జల్లో, మెడ చుట్టూ ఐసు పెట్టేం. ఇంకో పూట అయితే సిస్టరుగారు మా అందర్నీ బైటికి నెట్టేసేవారు, ఆ రోజు ఆవిడే చేపల పొలుసులున్న ఐసుముక్కలు చీరకొంగుతో ఎత్తి పోసేరు.

మధ్యాహ్నానికి ఒళ్ళు చల్లబడింది. మూత్రం నల్లటి కషాయంలా వచ్చి మమ్మల్ని ఇంకా భయపెట్టి, తర్వాత తేటపడింది. రెండు రోజులు నేను ఇంటికెళ్ళలేదు. వాడు లేచి కూర్చుని, "ఒళ్ళంతా కొట్టినట్టుందండి. కొంచెం చేపల పులుసు దొరుకుద్దాండి?" అని అడిగేడు. సర్జనుగారు, "నా థియేటరంతా చేపల పులుసే, వెళ్ళి నాక్కోరా!" అన్నారు. ఎముక తర్వాత కట్టుతోనే అతుక్కుంది, కొంచెం వంకరగా.

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు కథే. అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది.

ఈ గడియ లోపం రక్తంలో వస్తుంది. తండ్రికుంటే పిల్లల్లో సగంమందికి రావచ్చు. కుర్రాణ్ణి ఇంటికి పంపేముందు మామ్మగార్ని కూర్చోబెట్టి, "మీవాళ్ళలో ఎవరైనా ఆపరేషను బల్ల మీద పోయారా?" అని అడిగేను. ఆవిడ రొంటినున్న చుట్ట బైటికి తీసింది.

"మా ఆయన తమ్ముడు పోయాడమ్మా. వరిబీజం కోయించుకోడానికెళ్ళాడు. గాలి సోకిందన్నారు. మేం ఊరంతా శాంతులు చేయించేం." చుట్ట మళ్ళీ దోపుకుని, "నా కొడుకు, ఈళ్ళ నాన్న కూడా. కడుపులో నొప్పని పట్నం తీసుకెళ్ళేం. ఒళ్ళు కాలిపోయి పోయాడన్నారు. నేను చూళ్ళేదు. నన్ను లోపలికి రానివ్వలేదు," అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ కుర్రాడికి ఒక చెల్లెలుంది, బాబాయిలున్నారు, వాళ్ళ పిల్లలున్నారు. వాళ్ళలో ఎవరు ఎప్పుడు ఏ ఆసుపత్రి బల్ల ఎక్కుతారో, ఏ మత్తు డాక్టరు నాలాగే "హాయిగా నిద్రపోతాడు" అంటాడో! అందుకని ఒక కాగితం మీద వివరంగా రాసిచ్చేను. ఇతనికీ ఇతని రక్తసంబంధీకులకీ ఫలానా గ్యాసులు, ఫలానా ఇంజెక్షను ఇవ్వకూడదు, వెన్నులో ఇచ్చే తిమ్మిరి మందు ఇవ్వొచ్చు, నిద్రపుచ్చక తప్పకపోతే ఫలానా మందులు వాడొచ్చు అని. అందరికీ చూపించండి, ఎప్పుడూ దగ్గరుంచుకోండి అని నొక్కి నొక్కి చెప్పేను. "ఆయ్, అలాగేనండి," అన్నారు అందరూ. మావాళ్ళు ఆయ్ అంటే విన్నామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. అంత చిన్న విషయం కోనసీమలో పుట్టి పెరిగిన నేనే మర్చిపోయాను.

కొన్నాళ్ళకి కుర్రాడు చెయ్యి చూపించుకోడానికొచ్చేడు. చొక్కా చెయ్యి పైకి మడిచేడు. మోచేతి కింద పచ్చబొట్టు. పెద్ద పెద్ద అక్షరాల్లో: మత్తు పడదు.

"ఇదేంట్రా?" అన్నాను.

"మరి మేం నీళ్ళల్లో తిరిగేవోళ్ళం కదండీ. కాయితం మొదటివారమే నానిపోయిందండి. పచ్చబొట్టయితే నానదు కదాని మామ్మ అందరికీ పొడిపించేసిందండి. తీర్థంలో పచ్చబొట్లు పొడిచే ఆమెని ఇంటికే పిలిపించింది."

"మరి నేను రాసిందంతా ఏదీ?"

"అంత పురాణం చెయ్యి మీద ఎక్కడ పడుద్దండి? పైగా నొప్పండి బాబూ! మొదటి అక్షరానికే మా చెల్లెలు కెవ్వుమంది. అసలు ముక్క అదే కదాండి, మిగతాదంతా ఎందుకని మామ్మ కత్తిరించేసింది."

నేను పడీ పడీ నవ్వేను. సర్జనుగారిని పిలిచి చూపించేను, ఆయనా నవ్వేరు. లోపల్లోపల గర్వపడ్డాను కూడా. ఏ పుస్తకంలోనూ లేని ఉపాయం! ఏ ఊరి డాక్టరైనా చెయ్యి చూస్తే చాలు, ఆగుతాడు. కత్తిరించిన ముక్క ఎంత ముఖ్యమైనదో అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

ఎనభైలు వచ్చేక, వానలు దంచికొడుతున్న ఒక ఉదయం, ఆ కుర్రాడి చెల్లెల్ని తెచ్చేరు. పక్క పల్లెలో మేనమామ కొడుకునే చేసుకుంది. తొలికాన్పు. మంత్రసాని చేతులెత్తేసేక పడవలో ఏరు దాటించి, తడిసిన రిక్షాలో తెచ్చేరు. చూడగానే సర్జనుగారు పెదవి విరిచేరు. బిడ్డ కడుపులో అడ్డం తిరిగింది, చిన్న చెయ్యి ఒకటి బైటికొచ్చేసింది. ఇక మామూలు కాన్పు అనేది లేదు. వెంటనే కొయ్యకపోతే గర్భసంచి చిరుగుతుంది, ఇద్దరూ దక్కరు. బిడ్డ గుండె అప్పటికే నెమ్మదిస్తోంది.

"థియేటర్లోకి తీసుకురండి," అన్నారాయన.

మొగుడు తలుపుకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. "వద్దండి. దానికి మత్తు పడదండి."

"ఏమయ్యా, కొయ్యకపోతే చచ్చిపోతుందయ్యా!"

"కోస్తేనే చచ్చిపోద్దండి," అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు, కానీ కదల్లేదు.

నేను ముందుకెళ్ళేను. వాళ్ళంతా నన్ను చూడగానే చేతులు జోడించేరు. అన్న, అంటే మా చేపల పులుసు కుర్రాడు, నాకు కుర్చీ కూడా వేసేడు. ఆ గౌరవం చూసి, హమ్మయ్య, పని తేలికే అనుకున్నాను.

"చూడండి, ఆ మాట మీకు చెప్పింది నేనే కదా?" అన్నాను.

"ఆయ్, మీరే చెప్పేరండి," అన్నాడు అన్న. "మీ మాట మాకు వేదమండి. అందుకే వద్దంటున్నామండి."

"నేనే ఇప్పుడు ఇవ్వొచ్చంటున్నాను కదా! వేరే రకం!"

"వద్దండి. నేను చచ్చి బతికొచ్చేనండి. నా చెల్లెలు బతికి రాకపోతే?"

నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ కలిసి వచ్చేసేయి. ఇంత శ్రద్ధగా నా మాట విన్న పేషెంట్లు నాకు జన్మలో లేరు. ఆ వినడమే ఇప్పుడు ఆ పిల్ల ప్రాణం మీదికొచ్చింది. పిల్ల స్ట్రెచరు మీద పళ్ళు బిగించి మూలుగుతోంది. ముంజేతి మీద పచ్చగా మత్తు పడదు.

మామ్మగారు అప్పటిదాకా ఒక మూల నిలబడి చూస్తోంది. నేను అందర్నీ వదిలేసి ఆవిడ దగ్గరకెళ్ళేను.

"మామ్మగారూ, ఇది మత్తు కాదండి. తిమ్మిరి. కింద కూచుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయే, అలాగ. నడుంలో ఒక సూది. రొమ్ము కిందనుంచి కాళ్ళదాకా తెలీదు. తల మామూలే. పిల్ల మెలకువగా ఉంటుంది. మీతో మాట్లాడుతుంది."

"మాట్లాడుద్దా?" అందావిడ. "కోస్తుంటే మాట్లాడుద్దా?"

"ఆయ్. కబుర్లు చెబుతుంది."

"ఆ గ్యాసు పెట్టె?"

"బైట పెట్టించేస్తాను. మీ కళ్ళముందే."

నా మిషన్ని నేనే, సిస్టరుగారి సాయంతో, వరండాలోకి తోసుకొచ్చేను. ఆ చక్రాల మోతకి వాళ్ళంతా పాముని చూసినట్టు వెనక్కి జరిగేరు. మామ్మగారు దాన్ని పైనుంచి కిందదాకా చూసి, తుపుక్కున వాకిట్లోకి ఉమ్మేసింది.

"అయితే నేను లోపలికొస్తానమ్మా. దాని తల దగ్గర నిలబడతాను. అది మాట్లాడినంతసేపూ కొయ్యండి. మాట ఆగిందా, కత్తి ఆగాలి. నా కొడుకు పోయినప్పుడు నన్ను రానివ్వలేదు. ఈసారి రానివ్వకపోతే పిల్లని తీసుకుపోతాం."

"నా థియేటర్లోకి ఇంటివాళ్ళా! కుదరదు!" అన్నారు సర్జనుగారు.

"కుదుర్తుంది సర్," అన్నాను నేను.

ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. సిస్టరుగారే తీర్పు చెప్పేరు. "ముందావిడ కాళ్ళు కడిగించండి. చుట్ట నాకిచ్చెయ్యాలి," అన్నారు. మొగుడు చేతులు దించేసేడు.

మీకొక రహస్యం చెప్పాలి. నాకూ నూటికి నూరుపాళ్ళు ధైర్యం లేదు. తిమ్మిరి మందుల విషయంలో అప్పటి పుస్తకాలు కొన్ని సరేనన్నాయి, కొన్ని నసిగేయి. వాటిలో పాతదీ, అందరూ మంచిదన్నదీ ఎంచుకున్నాను. గదిలో ఓ మూల గమేళా నిండా ఐసు పెట్టించేను. పిల్లని పక్కకి ముడుచుకోబెట్టి నడుంలో సూది వేసేను. సూది సరైన చోట పడిందనే గుర్తుగా చివర తేటనీటి బొట్టు కనపడగానే లోపలే దేవుడికి స్తోత్రం చెప్పుకుని మందెక్కించేను.

మామ్మగారికి గౌను నేలమీద జీరాడుతోంది. టోపీ దుద్దుల మీద ఆగింది. బల్ల తలవైపు ముక్కాలిపీట వేసి ఎక్కించేం. "ఒంటి వేడి కూడా మీరే చూడండి," అన్నాను, ఆవిడకి చేతినిండా పనుంటే నాకు ఊపిరి తిరుగుతుందని. ఆవిడ చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకభాగం పిల్ల బుగ్గకి ఆనించి, "చల్లగానే ఉంది. కొయ్యండి," అంది. సర్జనుగారికి అలా ఆజ్ఞాపించినవాళ్ళు అంతకుముందు లేరు.

"మీ అత్త నిన్న ఏం కూరొండిందే?" అని మొదలెట్టింది మామ్మగారు.

"మెత్తళ్ళు మామ్మా."

"ఏమేసింది?"

"మామిడికాయ."

"మెత్తళ్ళలో మామిడికాయా! చింతచిగురెయ్యాలి గానీ. చల్లగానే ఉంది. మీ అత్తకి చెప్పు."

"వంకాయతో కూడా బావుంటాయండి," అన్నారు సర్జనుగారు మాస్కులోంచి, చెయ్యి ఆపకుండా.

"మీ ఇంట్లో ఎవరో తెలిసినోళ్ళున్నారండి," అంది మామ్మగారు మెచ్చుకోలుగా.

నేను నాడి మీద వేళ్ళు పెట్టుకుని నవ్వాపుకుంటున్నాను. కబుర్లు కూరల్నుంచి పెళ్ళిలోకి, పెళ్ళిలోంచి అత్తారింట్లోకి పాకేయి. ఎవరు ఇత్తడి బిందె పెట్టలేదో, ఎవరు విస్తరి ముందునుంచి లేచిపోయారో అన్నీ వచ్చేయి. మామ్మగారు వేడెక్కిపోయింది. "నీ మొగుడు మాత్రం తక్కువా? గుమ్మానికి అడ్డంగా నిలబడ్డం తప్ప ఏం తెలుసు ఆడికి? వల ఇసరడం రాదు, ఈత సరిగా రాదు. ఆళ్ళ నాన్నా అంతే, సన్నాసి. ఏమే? వింటున్నావా? ఏమే?"

పిల్ల పలకలేదు.

"ఆపండి!" అని అరిచింది మామ్మగారు. "మాట ఆగింది! కత్తి ఆపండి!"

సర్జనుగారి చెయ్యి గాల్లోనే ఆగింది. గర్భసంచి కొయ్యబోతున్నారు. నేను పిల్ల మొహంలోకి చూసేను. కళ్ళు మూసుకుంది. నా వేళ్ళ కింద నాడి జోరుగా కొడుతోంది. గడ్డం పట్టుకుని నోరు తెరవబోయాను. తెరుచుకోలేదు. దవడ బిగుసుకుపోయి ఉంది, వాళ్ళన్నకి బిగుసుకున్నట్టే.

చంపేసేను, నేనే చంపేసేను, అనుకున్నాను. సిస్టరుగారు ఐసు గమేళా వైపు అడుగు వేసేరు. నేను ఇంకోసారి, ఈసారి గట్టిగా, దవడ కిందకి లాగేను.

పిల్ల తల విదిలించి నా చెయ్యి తోసేసింది. "వదలండి డాక్టరుగారూ! నేను మామ్మతో మాట్లాడను. మా ఆయన్ని అన్నేసి మాటలంటుందా? జన్మలో మాట్లాడను!"

అలిగింది! పొట్ట కోసి ఉండగా అలిగిన మనిషిని నేను అదే చూడ్డం.

సర్జనుగారు ముందు నవ్వేరు. ఆయన నవ్వడం చూసి సిస్టరుగారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు. "మామ్మగారూ, అమ్మాయి మీతో మాట్లాడదట, నాతో మాట్లాడుతుందట. కొయ్యమంటారా?" అన్నారు సర్జనుగారు.

"కొయ్యండి బాబూ, కొయ్యండి," అంది మామ్మగారు.

తర్వాత అంతా ఇట్టే జరిగింది. సర్జనుగారి చెయ్యి లోపలికెళ్ళి, చిన్న పాదం ఒకటి పట్టుకుని బైటికి లాగింది. ఆడపిల్ల. నీలంగా ఉంది. ఏడవలేదు. సిస్టరుగారు నోరు శుభ్రం చేసి, వీపు రుద్ది, అరికాలి మీద ఒక్కటిచ్చేరు. అప్పుడు, కొత్త తలుపు కిర్రుమన్నట్టు, ఒక చిన్న ఏడుపు. తర్వాత పెద్ద ఏడుపు. వరండాలోంచి వాళ్ళవాళ్ళ కేకలు వానని మించిపోయాయి.

సిస్టరుగారు పిల్లని గుడ్డలో చుట్టి మామ్మగారి చేతుల్లో పెట్టేరు. ఆవిడ అంతసేపూ చేసినట్టే చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకభాగం పిల్ల బుగ్గకి ఆనించింది.

"అమ్మా! ఇది వేడిగా ఉందమ్మా! వేడిగా ఉంది!"

నేనూ చెయ్యి వేసి చూసేను. వెచ్చగా ఉంది. ఆ రోజు నేను తాకినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు.

"ఆయ్, ఉండాలండి మామ్మగారూ. ఇప్పటిదాకా అమ్మ కడుపులో ఉంది కదా. అందరూ ఇలాగే వెచ్చగా పుడతారు."

"మరేం కాదుగా?"

"మరేం కాదు."

ఆవిడ నమ్మలేదు. పిల్లని మెడకి ఆనించుకుని చూసింది, చెంపకి ఆనించుకుని చూసింది. తర్వాత ముక్కాలిపీట దిగి, గౌనూ టోపీతో నేలమీద చతికిలబడిపోయి, పిల్లని గుండెకి హత్తుకుని, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడవడం మొదలెట్టింది. ఎన్నేళ్ళనుంచి దాచుకుందో. సిస్టరుగారు కూడా ఆవిణ్ణి లేవమనలేదు. నేను కళ్ళు తుడుచుకుందామన్నా నాడి మీద వేళ్ళు తియ్యడానికి లేదు.

అప్పుడు బల్ల మీదనుంచి, జన్మలో మాట్లాడనన్న పిల్ల గొంతు వినపడింది.

"మామ్మా, ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు దాన్నిలా చూపించవే."